ట్రాక్‌ప్యాడు చాపల్యమునకు పూర్వకథ

ల్యాప్‌టాపు బ్యాటరీపై నడచుచున్నంతసేపు వేలి వెంట బుద్ధిగా తిరిగిన బాణపు గుర్తు, చార్జరు తగిలించిన మరుక్షణము నుండి వణకనారంభించుటయు, ఒక మూలకు పొమ్మన్న వేఱొక మూలకు దుముకుటయు, నొక్కకయే నొక్కినట్లు దస్త్రములను తెఱచుటయు, హార్డుడిస్కు నొకదానిని గ్రుచ్చగనే నత్తనడక పట్టుటయు, తగిలించినవానినెల్ల ఊడబెఱికినంతట ఏమియు నెఱుగనట్లు మరల సాధువగుటయు కంప్యూటరుతో పని గలవారిలో పెక్కుమంది యెఱిగిన సంగతియే. యంత్రము చెడినదని తలచి దుకాణమునకు మోసికొనిపోవువారును కలరు. అచట బల్లపై నుంచి బ్యాటరీతో నడపి చూడగా రోగము కానరాదు. ఇంటికి తెచ్చి గోడకు తగిలింపగా మరల ప్రత్యక్షమగును. ఈ చాపల్యము ట్రాక్‌ప్యాడునకు నడుమ వచ్చినది కాదు, పుట్టుకతో వచ్చినది. ఏలయన ట్రాక్‌ప్యాడు వేలిని చూడదు, వేలి బరువు నెఱుగదు. వేలికిని తనకును నడుమ నున్న విద్యుత్సంబంధమును మాత్రమే కొలుచును. ఆ కొలతలో తాను నిలిచిన చోటు చలించినచో, వేలు నిశ్చలముగా నున్నను చలించినట్లే దానికి లెక్క. తగిలించిన ప్రతి తీగయు ఆ నిలిచిన చోటును కొంతయో గొప్పయో చలింపజేయగలదు.

ఈ విద్యకు మూలము వెదకబోయినచో కంప్యూటరులకు ముందే పుట్టిన యొక సంగీతవాద్యము కడకు పోవలసియుండును. 1920 ప్రాంతమున పెట్రోగ్రాడ్ నగరమున లెవ్ టెర్మెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు వాయువుల విద్యుద్గుణములను కొలుచు పరికరమును నిర్మించుచు, తన చేయి చేరువైనపుడెల్ల దాని ధ్వని మారుచుండుట గమనించెను. మనుష్యదేహము విద్యుద్వాహకము; అది లోహపు కడ్డీకి సమీపించినపుడు ఆ రెండును కలసి యొక కెపాసిటరుగా నేర్పడును; దూరము తగ్గినకొలది దాని కెపాసిటెన్సు పెరుగును; దానితో స్వరము మారును. టెర్మెన్ ఈ గుణముననుసరించి, చేతితో తాకకయే వాయింపదగిన వాద్యము నొకదానిని కల్పించి, 1922లో లెనిన్ ఎదుట వాయించి చూపెను. థెరెమిన్ అను పేర పాశ్చాత్యదేశములలో ప్రసిద్ధికెక్కిన ఆ వాద్యమునకు శ్రుతి నిలుపుట వాద్యకారులకు పరమకష్టము. సమీపమున వేఱొకరు నడచినను దాని స్వరము చలించును. వాయించువాని చేతి నొక్కదానినే వినుమని దానిని శాసించుట సాధ్యము కాదు, సన్నిధిలో నున్న వారినందఱిని అది వినును. ట్రాక్‌ప్యాడు కథ యంతయు నీ వాక్యములోనే యిమిడియున్నదని నా తలంపు.

టెర్మెన్ గుర్తించిన గుణమును కంప్యూటరునకు ముడివెట్టిన వారిలో ముందు చెప్పదగినవాడు ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణమున రాడారు పరిశోధనాలయమున పనిచేసిన ఇ. ఎ. జాన్సన్. వేలితో తాకిన చోటును గుర్తించు తెరను గూర్చి ఆయన 1965లో ప్రకటించిన చిన్న వ్యాసము, విమానయాన నియంత్రణమును మనసులో నుంచుకొని వ్రాసినది. తరువాతి దశకమున జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయమున, మహాయంత్రమునకు వలయు వేలకొలది మీటలను ఒక్కచోట కుదింపదలచి, బెంట్ స్టుంపె మొదలగువారు అట్టి తెరలనే నిర్మించిరి. ఇవి యన్నియు కదలక యొకచోట స్థిరముగా నుండు యంత్రములు. వాని విద్యుత్సరఫరాను, భూమికి గల సంబంధమును, ఇంజనీర్లు తమ యిచ్చవచ్చినట్లు అమర్చుకొనగలిగిరి. కొనినవాడు ఏ యింటి గోడకు ఏ చార్జరు తగిలించునో యన్న చింత వారికి లేదు.

ఆ చింత ఒడిలో నిమిడెడి కంప్యూటరుతో పుట్టినది. డగ్లస్ ఎంగెల్‌బార్టు 1968 డిసెంబరు 9న సాన్‌ఫ్రాన్సిస్కోలో వేయిమందికి చూపిన మౌసు, 1984లో మాకింతోష్‌తో సామాన్యుల బల్లలపైకి వచ్చినది. కాని మౌసునకు బల్ల కావలెను, రైలులోను విమానములోను బల్ల దొరకదు. 1983లోనే గావిలన్ అను సంస్థ తన చిన్న కంప్యూటరున మీటల పై భాగమున తాకుడు పలక నొకదానిని అమర్చినది గాని, ఆ సంస్థయే అచిరకాలమున అంతరించెను. 1991లో ఆపిల్ సంస్థ పవర్‌బుక్కులో మీటలను వెనుకకు జరిపి, ముందు భాగమున మణికట్టులకు చోటు విడిచి, నడుమ నొక గుండ్రని బంతిని నిలిపెను. మరుసటి యేట ఐబీఎం వారి థింక్‌ప్యాడులో, టెడ్ సెల్కర్ కల్పించిన యెఱ్ఱని మొటిమ మీటల నడుమ వెలసెను. బంతికి చెమటయు దుమ్మును పట్టి అరుగుచుండెడిది, మొటిమ అప్పుడప్పుడు తనంతట తాను ఒక దిక్కునకు జారుచుండెడిది. అయినను చార్జరు తగిలించినంత మాత్రమున బంతి బెదరినదని యెవరును చెప్పలేదు. దొర్లిన బంతి దొర్లినట్లే, దొర్లనిది దొర్లనట్లే. విద్యుత్తు స్వచ్ఛమైనదా కలుషమైనదా యను విచారము దానికి లేదు.

ఆ నిశ్చింతను పోగొట్టిన సంవత్సరము 1994. యూటా రాష్ట్రమున జార్జి గెర్ఫైడ్ అను శాస్త్రజ్ఞుడు 1980 దశకపు చివర తన తాకుడు పలకను రూపొందించి, సాల్ట్ లేక్ నగరమున సర్క్ అను సంస్థను నెలకొల్పియుండెను. ఆ విద్యను గైకొని ఆపిల్ వారు 1994 మే నెలలో విడుదల చేసిన పవర్‌బుక్ 500 శ్రేణిలో బంతిని తొలగించి, ట్రాక్‌ప్యాడను పేర పలకను నిలిపిరి. కదలెడి భాగమొక్కటియు లేదు, అరుగునది లేదు, దుమ్ము దూరు సందు లేదు. మరమ్మతు చేయువారికి పని తప్పినదనియే అందఱును తలచిరి. అదే కాలమున సినాప్టిక్స్ అను సంస్థయు రంగమునకు వచ్చెను. ఇంటెల్ వారి తొలి మైక్రోప్రాసెసరును 1971లో తీర్చిన ఫెడెరికో ఫాజిన్, కాల్‌టెక్ ఆచార్యుడు కార్వర్ మీడ్ కలసి 1986లో దానిని స్థాపించినది మెదడు నాడులను బోలిన చిప్పుల నిర్మాణమునకై. ఆ మహాసంకల్పము వారికి లాభించలేదు గాని, నాడులకై యభ్యసించిన సూక్ష్మవిద్య వేలికొనను గుర్తించుట కక్కఱకు వచ్చినది. కొలది యేండ్లలో బంతులన్నియు ల్యాప్‌టాపుల నుండి మాయమయ్యెను.

పలక లోపల జరుగు వ్యవహారమును కొంచెము నిదానముగా చూడవలెను. పై పొర క్రింద సన్నని లోహపు చాళ్లు అడ్డముగా కొన్నియు నిలువుగా కొన్నియు నుండును. చిప్పు ఒక వరుస చాళ్లకు విద్యుత్స్పందనములను పంపి, రెండవ వరుసకు ఎంత ఆవేశము చేరినదో కొలుచుచుండును. వేలు మోపిన చోట ఆ ఆవేశములో కొంత వేలిలోనికి, దేహములోనికి, దేహము గుండ భూమి వైపునకు మరలిపోవును. తగ్గిన చోటులను పోల్చి వేలు ఎచ్చట నున్నదో చిప్పు లెక్క కట్టును. ఈ తగ్గుదల ఒక పికోఫారడులో కొంత భాగము మాత్రమే. ఇంత సూక్ష్మమైన కొలతను సెకనునకు పలుమారులు తప్పక తీయుటయే యొక యాశ్చర్యము.

ఇక చార్జరు వంతు. గోడనుండి వచ్చు 230 వోల్టులను ల్యాప్‌టాపునకు తగిన పదియో యిరువదియో వోల్టులకు దించుటకై, చార్జరు ఆ విద్యుత్తును సెకనునకు వేలకొలది మారులు, ఒక్కొకపుడు లక్షకు మించియు, తెగగొట్టి కలుపుచుండును. ఆ సంచలనములో కొంత తీగ వెంట దిగివచ్చి, పలకతో సహా యంత్రము మొత్తమును భూమితో పోల్చినపుడు పైకి క్రిందికి ఊపుచుండును. ఎవరును తాకనంతవరకు పలకకు ఈ ఊపు తెలియదు. దానిలోని భాగములన్నియు కలసియే ఊగుచుండుటచే వాని నడుమ భేదము లేదు. భూమిపై పాదములుంచి కూర్చుండిన మనుష్యుడు వేలు మోపగనే, ఊగని దొకటి ఊగెడిదానిని తాకినట్లై, ఊగునది వేలే యని పలక భ్రమపడును. కంసాలి త్రాసులో నుంచిన బంగారము కదలదు, గుండు కదలదు, త్రాసు పట్టిన చేయి వణకుచున్నచో ముల్లు మాత్రము నిలువదు, ఇదియు నట్టిదే. చార్జరు తగిలించిన యెడల గుర్తు వణకుటకును, ఎడమచేతితో యంత్రపు లోహపు అంచును పట్టుకొనగనే ఆ వణకు తగ్గుటకును కారణమిదియే: అపుడు దేహమును యంత్రముతోపాటే ఊగును, భేదము నశించును. చెప్పులు విడిచినపుడొక విధముగాను తొడిగినపుడొక విధముగాను నడచు ట్రాక్‌ప్యాడును గూర్చి వినువారు నవ్వుదురు గాని, చెప్పువాడు అసత్యమాడుట లేదు.

ఈ లోపమును పలకను కల్పించినవారు మొదటనే యెఱుగుదురు. గెర్ఫైడ్, ఆయన సహచరుడు కలసి 1996లో పొందిన పేటెంటు ఒకటి కేవలము దీనికొఱకే: చుట్టుపట్ల ఏ వేగమున సంచలనము అధికముగా నున్నదో ముందు కనిపెట్టి, దానిని తప్పించి వేఱొక వేగమున తన స్పందనములను పంపవలెనన్నది దాని సారము. నేటి చిప్పులును ఇట్లే ఒక వేగమునుండి మరియొక వేగమునకు దాటుకొనుచుండును. ఈ దాటుడు చాల సందర్భములలో ఫలించుటచేతనే మనము ట్రాక్‌ప్యాడును నమ్మగలుగుచున్నాము. అగ్గువ చార్జరు అన్ని వేగములను ఒకేమారు కలుషితము చేసినపుడు దానికి దాటిపోవుటకు చోటు మిగులదు. చేతిఫోనుల తెరలును ఇదే విద్యపై నాధారపడినవగుటచే ఈ బాధ వానికిని సంక్రమించెను. ఐరోపాలో ఫోనుల కెల్ల నొకే విధమగు చార్జరు నేర్పరుపవలెనని 2009లో తయారీదారులు అంగీకరించిన పిమ్మట వెలువడిన ప్రమాణమున, చార్జరు ఈ రీతి సంచలనమును ఎంతవరకు విడువవచ్చునో హద్దు కూడ విధింపబడినది. హద్దు కాగితముపై నున్నది. సంతలో దొరకు చార్జరులన్నియు దానిని చదివినవి కావు.

భూమి ప్రస్తావన వచ్చినది గనుక మన యిండ్ల సంగతి యొకటి చెప్పక తప్పదు. తెలుగునాట ఇల్లు కట్టునపుడు పెరటిలోనో ప్రహరీ వారనో గొయ్యి త్రవ్వించి, అందు గొట్టమో లోహపు పలకయో దించి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలుగా పోయించి, వేసవిలో నీళ్లు పోయుచుండుట చిరకాలముగ నున్న పద్ధతి. మూడు పిన్నుల ప్లగ్గులో పై నుండు లావుపాటి పిన్ను ఆ గొయ్యికి చేరు మార్గము. పాత యిండ్లలోను, అద్దెకిచ్చుటకై కట్టిన గదులలోను సాకెట్టునకు మూడు రంధ్రములుండును గాని, మూడవదాని వెనుక తీగ యుండదు. ఉన్నచోట సైతము రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు నొకదానిని నడుమ దూర్చి ఆ మార్గమును మనమే మూసివేయుదుము. ఇక చార్జరులలో పెక్కింటికి పుట్టుకతోనే రెండు పిన్నులు. ఇది దోషము కాదు; లోపల రెండంచెల రక్షణ యుండుటచే భూమి తీగ లేకయే అవి సురక్షితములు. కాని రేడియోలకు బాధ కలుగకుండుటకై వానిలో గోడ వైపునకును యంత్రము వైపునకును నడుమ నొక చిన్న కెపాసిటరు నుంతురు. దాని గుండ అత్యల్పమగు విద్యుత్తు యంత్రపు లోహదేహమునకు చేరును. లోహపు ల్యాప్‌టాపుపై ముంజేయి రాయగా జివ్వుమను స్పర్శ ఇదియే. ఆపిల్ అడాప్టరులలో చిన్న ప్లగ్గును ఊడదీసి, మూడు పిన్నుల పొడుగు తీగను తగిలించినచో, ప్రక్కనున్న లోహపు బొడిపె ద్వారమున భూమి సంబంధము కుదురును. మొదట ఆ తీగ అడాప్టరుతోపాటే వచ్చెడిది. పిమ్మట విడిగా వెలకట్టి అమ్మసాగిరి. నేర్పరులు చేసిన పొదుపులలో ఇది నాకు బొత్తిగా రుచింపనిది.

చార్జరు ప్రకరణము ముగిసినను ఉపకరణముల ప్రకరణము ముగియలేదు. రెండవ వంశమొకటి కలదు, అది విద్యుత్తునకు గాక పెత్తనమునకు సంబంధించినది. 1987లో ఐబీఎం వారు ప్రవేశపెట్టిన పీఎస్/2 పద్ధతిలో మౌసునకు ఒకే ద్వారము. ఆ ద్వారమున ఒకే మౌసు. ల్యాప్‌టాపులలో పలకయు ఆ ద్వారము చాటుననే మౌసు వేషమున నిలిచినది. యజమాని వెలుపలినుండి మరియొక మౌసును తెచ్చి తగిలించినచో పెత్తనము ఎవరిదను ప్రశ్న పుట్టినది. కొందఱు తయారీదారులు పలకను నిద్రపుచ్చిరి. కొందఱు రెండింటిని ఒకే ధారలో కలిపిరి, అపుడు పలక తన విశేషవిద్యలన్నియు మఱచి సామాన్యపు మౌసుగ మిగిలెడిది. పీఎస్/2 పోయి యూఎస్బీ వచ్చినను ఆ యాచారము పోలేదు: మౌసు తగిలియున్నపుడు పలకను పట్టించుకొనవలదను ఏర్పాటు నేటికిని విండోసులోను మాక్ లోను కలదు. ఎప్పుడో తానే గుర్తుపెట్టిన ఆ గడిని యజమాని మఱచును. స్విచ్చు తీయక సంచిలో పడవైచిన బ్లూటూత్ మౌసు మాత్రము మఱవదు. పలక చచ్చినదని దుకాణమునకు చేరు యంత్రములలో కొన్నింటికి చికిత్స సంచిలోనే యుండును.

మూడవది ఆకాశవాణి వంటి విషయము గనుక త్వరగా దాటెదను. 2008 నవంబరులో ప్రకటితమైన యూఎస్బీ 3 పద్ధతిలో సమాచారము సెకనునకు 500 కోట్ల బిట్ల వేగమున పరుగిడును. ఆ పరుగు వలన పుట్టు రేడియో సంచలనము, బ్లూటూత్ పరికరములును తీగలేని మౌసులును సంభాషించు 2.4 గిగాహెర్ట్జుల సీమను ఆక్రమించును. ఇంటెల్ సంస్థ 2012లో దీనిని కొలిచి చూపి, తీగలకును కొనలకును తగిన కవచము ఉండవలెనని చెప్పెను. ఆపిల్ వారు 2010లో వెలువరించిన తీగలేని ట్రాక్‌ప్యాడు, హార్డుడిస్కు ప్రక్కన నుంచినపుడు తడబడుటకు ఇది యొక హేతువు. డిస్కును మూరెడు దూరము జరిపినను, రేడియో రిసీవరును పొడుగు తీగతో ఇవతలికి తెచ్చినను చాలవఱకు కుదుటపడును. యంత్రములో నమర్చిన పలక రేడియోపై నాధారపడినది కాదు గావున దానికి ఈ బాధ లేదు. రెండింటిని ఒకటిగా భావించి, ఒకదాని మందు మరియొకదానికి వేయువారు నిష్కారణముగ కాలము వ్యర్థపఱచుకొందురు.

తగిలించినవానిని ఒక్కొక్కటిగా తీసి చూడుమను సలహా ఎచ్చటనుండి వచ్చినదో యోచింపదగినది. పవర్‌బుక్ 500 వెలువడిన 1994లోనే ఆపిల్ వారి సిస్టమ్ 7.5 లో ఎక్స్‌టెన్షనుల నడుపు సాధనమొకటి చేరెను. ఆ కాలపు మాకింతోష్‌లలో ఎక్స్‌టెన్షనులను చిన్న చిన్న అనుబంధ ప్రోగ్రాములు డజన్లకొలది చేరి పరస్పరము కలహించుకొనెడివి. కలహకారకుని పట్టుటకై సగము ఎక్స్‌టెన్షనులను నిలిపి, యంత్రమును మరల నడపి, దోషము ఏ సగమున మిగిలినదో చూచి, ఆ సగమును మరల సగము చేయుట మరమ్మతుకారుల నిత్యవిధి. ఆ పనికే కాన్‌ఫ్లిక్ట్ క్యాచర్ అను ప్రోగ్రాము విశేషముగ అమ్ముడుపోయెను. ప్రోగ్రాములకై యలవడిన ఆ విభజనపద్ధతియే తీగలకును ప్లగ్గులకును సంక్రమించినదని నా యూహ. అయితే ఒక భేదము కలదు: ప్రోగ్రాములు రెండు కలహించిన వానిలో నొకటి దోషి, తీగల విషయమున దోషి ఏ యొక్కటియు గాక, మంచి చార్జరును మంచి మానిటరును రెండు వేర్వేఱు సాకెట్టులనుండి, ఒకటి భూమి తీగతోను మరియొకటి అది లేకయు, ఒకే యంత్రమునకు తగిలి యుండుట దోషము కావచ్చును. ఒక్కొక్కటిగా పరీక్షించినపుడు రెండును నిర్దోషులే.

2008 నుండి ట్రాక్‌ప్యాడు రూపు మారెను. ఆ యేట ఆపిల్ వారు మీటను తొలగించి, పలకయే మొత్తముగ లోనికి నొక్కుకొనునట్లు గాజుతో చేసిరి. పెక్కు వ్రేళ్లను ఒకేమారు గుర్తించు విద్యకు, 2005లో వారు కొనిన ఫింగర్‌వర్క్స్ అను సంస్థ తోడ్పడెను. డెలావేర్ విశ్వవిద్యాలయమున వేన్ వెస్టర్మన్, జాన్ ఎలియాస్ ప్రారంభించిన దది. 2015 నుండి నొక్కుడు సైతము మాయయే: పలక కదలదు, క్రింది పరికరములు ఒత్తిడిని కొలిచి, విద్యుదయస్కాంతముచే చిన్న కుదుపు నిచ్చి, నొక్కినట్లు వేలిని నమ్మించును. ఈ మార్పుల నడుమ బ్యాటరీ పలక క్రిందకో ప్రక్కకో చేరినది. ముదిసిన బ్యాటరీ ఉబ్బి పలకను క్రిందినుండి నెట్టినచో నొక్కుడు బిగుసుకొనును. చార్జరు తగిలించినపుడు వేడి పెరిగి యిది మఱింత కనబడుటచే నింద చార్జరుపై పడును. ఇది నవ్వి విడువదగిన రోగము కాదు. పలక ఒకవైపు లేచినట్లు తోచినను, యంత్రము బల్లపై సమముగ నిలువకున్నను, చార్జరును తీసి, వాడుక మాని, తెలిసినవారిచే బ్యాటరీని మార్పించుటయే కర్తవ్యము.

2015లోనే మరియొక మార్పు జరిగెను. ఆ వసంతమున వెలువడిన పన్నెండంగుళముల మాక్‌బుక్కునకు, హెడ్‌ఫోను రంధ్రము విడిచినచో, ఉన్నది ఒకే యూఎస్బీ-సీ రంధ్రము. చార్జరు, తెర, డిస్కు, మౌసు, అన్నియు దాని గుండనే రావలెను గనుక నడుమ హబ్బు నొకదానిని పెట్టుకొనుట ఆచారమయ్యెను. ఇంతకుముందు వేర్వేఱు ద్వారములనుండి వచ్చిన బాధలన్నియు ఒకే తీగలో కలసి రాసాగెను. విద్యుత్సంచలనము, పెత్తనపు తగవు, రేడియో కలుషము, మూడింటికిని హబ్బొక్కటే గూడు. హబ్బును తీసిన అన్నియు ఒకేమారు పోవును, ఉంచిన అన్నియు ఒకేమారుండును. అందుచే పని తెలిసినవారు నేడు ముందుగ హబ్బును తొలగించి చార్జరును నేరుగా గ్రుచ్చి చూతురు. పిమ్మట చార్జరు లేని హబ్బును గ్రుచ్చి, బ్యాటరీపై నడపి చూతురు. మొదటి పరీక్షలో గుర్తు వణకినచో సాకెట్టును, మూడవ పిన్నును, అడాప్టరును మార్చి చూతురు. రెండవదానిలో వణకినచో హబ్బునకు తగిలిన డిస్కును, తెరను, రిసీవరును ఒక్కొక్కటిగా చేర్చుకొనుచు వత్తురు. రెండింటను వణకక, రెండును కలిసినపుడే వణకినచో, తెరకును చార్జరునకును ఒకే బోర్డునుండి, భూమి తీగ గల సాకెట్టు ద్వారమున విద్యుత్తు నిప్పించి మరల మొదటినుండి చూతురు.